పైన మనుషులు, కింద అక్షరాలు

లోపలి గదిలో సానరాయి తిరుగుతోంది, దాని మీద గాజు గీరుకుంటోంది, ఆ గాజు నాది, అనుకుంది నెరేయిదా, అనుకుని తనలో తనే చిన్నపిల్లలా నవ్వుకుంది. గోడ మీద గడియారం పన్నెండుంపావు చూపిస్తోంది. ఒంటిగంటకు చుట్టల ఫ్యాక్టరీలో గంట కొడతారు, కొట్టగానే ఫ్యాక్టరీ చదువరిగా తను అరుగెక్కి మైకు ముందు కూర్చోవాలి, పనిచేసుకునేవాళ్ళకు నవల ఆఖరి అధ్యాయం చదివి వినిపించాలి, ఎనభైమంది చుట్టలు చుట్టేవాళ్ళు పొద్దున్నుంచీ ఆ ఒక్క అధ్యాయం కోసమే ఆకులు మడుస్తున్నారు, ఇక్కణ్ణుంచి అక్కడికి పది నిమిషాల నడక, పరిగెడితే ఆరు. యాభై ఒక్క ఏళ్ళ ఆడమనిషి పినార్ దెల్ రియో నడివీధిలో మిట్టమధ్యాహ్నం పరిగెత్తితే ఊరు నవ్వుతుంది, నవ్వనీ, ఈ రోజు ఎవరేం చేసినా తనకు కోపం వచ్చేట్టు లేదు. ఇంత దూరం నుంచి గడియారం అంకెలు ఎంత చక్కగా కనిపిస్తున్నాయి, సెకన్ల ముల్లు కూడా, దాని వెంటే నడుస్తున్న ఈగ కూడా. కానీ ఒళ్ళో పెట్టుకున్న చీటీ మీద రాసింది తన పేరేనని తెలిసి కూడా చదవలేదు, చీమల బారు, చెయ్యి చాచి పట్టుకుంటే చీమలు కాస్త సన్నబడతాయి, ఇంకా చాచాలంటే చెయ్యి లేదు, దేవుడు చేతులింతే ఇచ్చాడు.

దాని పేరు చత్వారం. నెల క్రితం ఆ మాట మొదటిసారి డాక్టరమ్మ నోట విన్నప్పుడు తిట్టినట్టే అనిపించింది. డాక్టరమ్మ పేరు యుసిమీ, చూస్తే కాలేజీ పిల్లలా ఉంది, చీకటి గదిలో కూర్చోబెట్టి ముక్కు మీద ఇనప చట్రమొకటి తగిలించి, గుండ్రటి గాజుబిళ్ళలు ఒకటి తీసి ఒకటి వేస్తూ, ఇది బాగుందా, అది బాగుందా, మొదటిదా, రెండోదా అని అడిగింది. ఎదురుగోడ మీద అక్షరాలన్నీ తను చదివేసింది, అట్టడుగు వరస కూడా, దాని కింద అచ్చువేసినవాళ్ళ పేరు కూడా, గర్వంగా, ఇరవై ఆరేళ్ళుగా చదవడమే వృత్తి అయినదాన్ని నన్నా నువ్వు పరీక్షించేది అన్నట్టు. అప్పుడా పిల్ల చిన్న కార్డొకటి చేతికిచ్చి ఇది చదవండమ్మా అంది. చీమలు. తను ఒక్క క్షణమే తడబడింది, తర్వాత గొంతు సవరించుకుని, ఆ సాయంత్రం వాన తెరిపివ్వగానే గుర్రం దానంతటదే గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది అని మొదలుపెట్టింది, మంచి గొంతుతో, ఆగవలసినచోట ఆగుతూ, నాలుగైదు వాక్యాలు.

"అమ్మా, ఈ కార్డులో గుర్రం లేదు."

"లేదూ?"

"గుర్రమూ లేదు, వానా లేదు. ఇది పళ్ళు తోముకోవడం గురించి."

సిగ్గుతో చచ్చినంత పనైంది, అయినా ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు, ఆ పిల్లయితే కళ్ళు తుడుచుకుని, తర్వాత ఆ గుర్రం ఏమైందమ్మా అని కూడా అడిగింది. అలవాటు, తల్లీ, అలవాటు. చేతిలో కాగితం ఉండి, అందులో ఏముందో కనిపించక, ఎదురుగా ఒక మనిషి వింటూ కూర్చుంటే నా నోరు ఊరుకోదు.

తర్వాత యుసిమీ కంటి బొమ్మ చూపించి చెప్పింది. కంటిలోపల దేవుడు పెట్టిన గాజొకటి ఉంటుంది, వయసులో ఉన్నప్పుడు అది మెత్తగా ఉండి, దగ్గరిదాన్ని చూడాలంటే తనే ఉబ్బుతుంది, దూరానికి తనే పలచబడుతుంది, నలభై దాటాక బిరుసెక్కి ఉబ్బడం మానేస్తుంది, అదే చత్వారం, రోగం కాదు, వయసుతో పాటు అందరికీ వచ్చేదే. మధ్యలో ఉబ్బిన ప్లస్ గాజు పెడితే సరి, మీకు రెండుంపావు. ఎడమకంట్లో కాస్త అసమదృష్టి కూడా ఉంది, కంటి ముందుపొర బంతిలా గుండ్రంగా ఉండక కొద్దిగా మామిడికాయ వాటంగా ఉందట, అందుకే గీతలు గీసిన చక్రంలో అడ్డగీతలు నల్లగానూ నిలువుగీతలు బూడిదగానూ కనిపించాయి, దానికి సిలిండరు అనే ఇంకో పవరు, అర. నా కంట్లో మామిడికాయా, భలే. ఇన్నాళ్ళూ ఎవరికి తెలుసు ఇన్ని పేర్లున్నాయని. ఫ్యాక్టరీలో ఎదురు వరసలో కూర్చుని చుట్టలు చుట్టే మిగ్దాలియాది హ్రస్వదృష్టి, మైనస్ నాలుగు, లోపలికి లొత్తపడిన గాజు, ఆ అద్దాల వెనక ఆమె కళ్ళు బఠానీగింజలంత కనిపిస్తాయి, కానీ చుట్ట చుట్టేటప్పుడు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టేస్తుంది, ముక్కుకానించిన ఆకులో ఈనె మీద వెంట్రుకంత చిరుగున్నా పట్టేస్తుంది, తలెత్తితే మాత్రం అరుగు మీద ఉన్నది నెరేయిదానో బియ్యం బస్తానో తెలియదంటుంది. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషికి సరిపడా చూపు ఉంది మాకు.

మిగ్దాలియా అనగానే ఇంకొకరు గుర్తొస్తారు. మిగ్దాలియా మేనకోడలు, ఇరవయ్యేళ్ళ పిల్ల, డేగకళ్ళు, రేడియోకు పనికొచ్చే గొంతు. ఈ నవల అయిపోయాక ఒక వారం దాన్ని చదవనిచ్చి చూద్దామని నలుగురు అంటున్నారు, అనడంలో తప్పేముంది, చదువరిని ఎన్నుకునేది చుట్టేవాళ్ళే, తీసేసేదీ వాళ్ళే, నచ్చితే ఆకు కోసే వంపుకత్తిని పడుకోబెట్టి బల్ల మీద టకటక కొడతారు, నచ్చకపోతే నేలకేసి కొడతారు. ఇరవై ఆరేళ్ళలో తన కోసం ఒక్క కత్తీ నేల పడలేదు. పడితే ఆ చప్పుడు ఎలా ఉంటుందో విన్నది మాత్రం ఉంది, తనకు ముందు చదివినాయన ఒకరోజు తాగొచ్చాడు, ఎనభై కత్తులు ఒక్కసారి నేల మీద, ఆయన తలదించుకుని టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ అరుగు పోతే తనకింకేముంది, ఇల్లుంది, వంటిల్లుంది, అక్కడ ఎవరికి చదువుతుంది, గిన్నెలకా?

సానరాయి ఆగింది. ఆమె లేవబోయింది. మళ్ళీ తిరిగింది. ఇంకో కన్ను కాబోలు.

అంతా ఆ పద్నాలుగో అధ్యాయంతో వచ్చింది. పొద్దునపూట వాళ్ళకు చదివే పేపరుతో బాధ లేదు, తెల్లారి ఐదింటికే రేడియో విని వార్తలన్నీ బుర్రకెక్కించుకుంటుంది, పెద్దక్షరాలు పట్టుకుంటే మిగతాది నోరే చూసుకుంటుంది. నవల అలా కాదు కదా. మొదట్లో వెలుతురు చాలట్లేదంది, తర్వాత అచ్చు మంచిది కాదంది, కాగితం నాసిరకమంది, పుస్తకాన్ని దూరంగా, ఇంకా దూరంగా జరిపింది, మైకు అడ్డొచ్చేదాకా జరిపింది. ఆ రోజు మబ్బు పట్టింది, హాల్లో దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి, మైకు పనిచేస్తోంది అదొక్కటే అదృష్టం. కథలో తాదేయో అనే కంచరగాడిదలు తోలేవాడున్నాడు, ఎదురుదెబ్బలు తిన్నా పాటలు మానని మనిషి, ఫ్యాక్టరీలో ఆడవాళ్ళందరికీ వాడంటే ప్రాణం, డెబ్బై ఎనిమిదేళ్ళ బెనిగ్నో కూడా పొద్దున్నే వచ్చి, ఇవాళ మనవాడి సంగతేంటి పిల్లా అని అడిగేవాడు. తాదేయో తుపాకి దెబ్బతో నది దగ్గరకొచ్చాడు. ఆ తర్వాత చీమలు. నది అన్న మాట దొరికింది, టోపీ అన్న మాట దొరికింది, ఎంత కళ్ళు చికిలించినా మూడోది దొరకలేదు. ఎనభైమంది చేతులు కదుపుతూనే ఊపిరి బిగబట్టారు. తను తలెత్తి వాళ్ళ మొహాలు చూసింది, దూరం కదా, అద్దంలా కనబడుతున్నాయి, మిగ్దాలియా పెదవి కొరుక్కుంటోంది, బెనిగ్నో చేతిలో సగం చుట్ట ఆగిపోయింది. ఆ మొహాలు చూసి ఆ మనిషిని ఎవరు చంపగలరు? తను తాదేయోని నది దాటించేసింది.

అబ్బ, ఆ టకటక. రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు. ఇంటికెళ్ళి భూతద్దం తీసి, ఒక్కొక్క మాటే జరుపుకుంటూ చూస్తే, ఆ పేజీలో మూడో వాక్యంలోనే తాదేయో చచ్చిపోయి ఉన్నాడు. ఇంకేం చేస్తుంది? మర్నాడు బతికున్నవాడిని తీసుకెళ్ళి ఎక్కడ పాతిపెడుతుంది? వాడికో గుడిసె ఇచ్చింది, గాయం కట్టడానికో విధవరాలినిచ్చింది, ఆమెకొక మొండి కొడుకునిచ్చింది. ఆరు వారాలు. ఆరు వారాలుగా పుస్తకం ముందు తెరిచి పెట్టుకుని, చూపు వాళ్ళ మొహాల మీద పెట్టి, ఎక్కడ నవ్వితే అక్కడ కాస్త పొడిగించి, ఎక్కడ ఆవలిస్తే అక్కడ కత్తిరించి, కథ నడిపేసింది. సిగ్గేస్తుందా అంటే వేస్తుంది, తేలు కుట్టిన దొంగలా రోజూ సాయంత్రం నోరు మూసుకుని ఇంటికొస్తుంది. కానీ నిజం చెప్పొద్దూ, ఇరవై ఆరేళ్ళలో ఇంత సంతోషంగా ఎప్పుడూ చదవలేదు, అసలది చదవడం కాదు కదా, ఆ ఆరు వారాలు ఉన్నంత సంతోషంగా ఎప్పుడూ లేదు.

అమ్మ పోలిక. అమ్మకు అక్షరం ముక్క రాదు, అదే ఫ్యాక్టరీలో వెనకగదిలో తొడ మీద ఆకు పరిచి ఈనెలు తీసేది, అప్పటి చదువరి గొంతు గోడ దాటి వచ్చేది, సాయంత్రం జామ హల్వా ముక్కలు కోస్తూ పిల్లలకు ఆ నవల చెప్పేది. వేళ్ళకు పొగాకు వాసన, జామ వాసన. అమ్మ చెప్పిన నవలల్లో ఒక్క పిల్లాడూ చావలేదు, ఒక్క తల్లీ దిక్కులేనిదవలేదు. పెద్దయ్యాక తను ఆ పుస్తకాలు వెతికి చదివితే సగంమంది చచ్చిపోయే ఉన్నారు. వెళ్ళి నిలదీస్తే అమ్మ ఏమంది, మీరు అన్నాలు తినే వేళ అది, ఆ వేళ చావులేంటే అంది. అంతే, ఇంకేమీ అనలేదు, అంట్లు తోముకుంటూ పోయింది. కానీ అమ్మ ఇంట్లో చెప్పింది, నేను అరుగు మీద, పుస్తకం పేరు చెప్పి, ఒకాయన రాసినదని చెప్పి. అది వేరు. వేరా? వేరే.

"అక్కయ్యా, కళ్ళు మూసుకున్నావేంటి, తీరా తెరిచే వేళకి?"

ఫ్లోరెన్సియో. గాజులు అరగదీసే మనిషి, వాళ్ళ నాన్న కూడా చుట్టలు చుట్టినవాడే, ఆప్రాన్ నిండా తెల్లటి పొడి, చేతిలో గుడ్డముక్క, గుడ్డలో అవి. చీటీ రాయించిన రోజున తను చదువుకునే అద్దాలు చాలంది, ఒకటే పవరు, ప్లస్ రెండుంపావు, చవగ్గా తేలిగ్గా. ఇతను చీటీ చూసి, అరుగెక్కి చదివేటప్పుడు ఎవరి మొహాలూ చూడవా అక్కయ్యా అన్నాడు. పక్కగదిలో డాక్టరమ్మ దగ్గర ఆ చట్రం మళ్ళీ పెట్టి చూడు ఒకసారి అన్నాడు. పెట్టుకుని కార్డు చూస్తే పళ్ళు తోముకోవడం గురించి ప్రతి ముక్కా కనిపించింది, ఆనందంతో తలెత్తితే యుసిమీ మొహం కరిగిపోయింది, ముక్కూ లేదు, కళ్ళూ లేవు, గోధుమరంగు మబ్బు. ఎంత హడలిపోయింది. అక్షరాలు ఇచ్చి మనుషుల్ని తీసుకెళ్ళిపోయే అద్దాలు నాకొద్దు బాబూ అంది. అందుకే రెండు చూపుల గాజు, బైఫోకల్, పై సగంలో మనుషులు, కింది సగంలో పుస్తకం, మధ్యలో గోటిగీతంత గీత. ఆ గీత కనబడితే వయసు కనబడుతుందని మిగ్దాలియా అంటుంది. కనబడనీ, వయసుంటేనే కదా కనబడేది.

"పెట్టుకో. చెవి వెనక నొక్కుతోందా?"

"ముందు ముక్కు మీదైనా నిలవనీ, చెవి దాకా ఎందుకు!"

"కిందికి చూసేటప్పుడు తల వంచకు, కళ్ళే దించు. మెట్ల దగ్గర మాత్రం తల దించు, లేకపోతే పళ్ళు రాలతాయి, మళ్ళీ ఆ కార్డే చదువుకోవాలి నువ్వు."

ఆ సంగతి ఊరంతా చెప్పిందన్నమాట ఆ పిల్ల. సంచీలోంచి పుస్తకం తీసింది. పద్నాలుగో అధ్యాయం. కళ్ళు దించింది. ఓరి దేవుడా. చీమలేవీ? నల్లగా, నిలకడగా, ఒక్కొక్క అక్షరం దాని చోట అది నిలబడి ఉంది, కామాలకు తోకలున్నాయి, కాగితానికి నారలున్నాయి, రెండు పేజీల నడుమ మడతలో ఎప్పటిదో పొగాకు తునక కూడా ఉంది. భూతద్దంలోంచి ఒక్కో మాటగా, ముక్కలు ముక్కలుగా చూసిన వాక్యం ఇప్పుడు మొత్తంగా వచ్చి కళ్ళలో పడింది. "తాదేయో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, టోపీ తడుస్తుందని తీసి ఒడ్డు మీద పెట్టి, దాన్ని ఒకసారి సరిచేసి, అక్కడే చచ్చిపోయాడు." అంతే. ఆ సరిచేయడం. చచ్చిపోతూ టోపీని సరిచేసి పెట్టడం. నెరేయిదా మళ్ళీ చదివింది, మళ్ళీ చదివింది, అక్షరాలు మసకబారాయి, అద్దాలు పాడయ్యాయా అనుకుంటే కాదు, ఏడుపు. ఎంత బాగా చంపాడు ఆ రాసినాయన. నాకు వెయ్యి మధ్యాహ్నాలిచ్చినా ఆ టోపీ తట్టేది కాదు. ఎనభైమందికి రావలసిన టోపీ ఇది, మధ్యలో నేను కాజేశాను, ప్రాణం పోశాననుకుంటూ కాజేశాను. దీన్ని వాళ్ళకివ్వాలి. ఇస్తే ఆరు వారాల సంగతి చెప్పాలి. చెబితే కత్తులు నేల మీద. పడనీ. ఇంత బాగా కనబడుతున్నప్పుడు అబద్ధం ఎలా చదువుతాను?

పన్నెండు యాభై ఐదు. ఫ్లోరెన్సియోని రెండు బుగ్గలా ముద్దుపెట్టుకుని వీధిలో పడింది. పరుగే. గుమ్మం దగ్గర మెట్టు ఎగిరి మోకాలి మీదకొచ్చింది, అమ్మో, కింది సగం, తల దించు, తల దించు, స్తంభాల నీడలో పేకాడుకునే ముసలాయన, ఎక్కడ తగలబడిందే అని అరిచాడు, ఇంకా తగలబడలేదు, వెళ్ళాక తగలబడుతుంది అని అరిచింది తనూ. నవ్వొస్తోంది, ఆయాసమొస్తోంది. గోడల మీద పెచ్చులు, కిటికీ ఊచల తుప్పు, ఒకావిడ చేతిలోని కాఫీ గిన్నెలో నురగ, దగ్గరి లోకం ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళింది, తనను వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు, ఇక్కడే ఉంది. ఏమని మొదలుపెట్టాలి? మిత్రులారా, అనా? నన్ను క్షమించండి, అనా? చత్వారం, అనా? ఆ మాటకు నవ్వుతారేమో. నవ్వితే మంచిదే. గంట కొట్టేశారు, వినబడుతోంది, ఇంకో వీధి, ఇంకో మెట్టు, తల దించు.

హాల్లో అడుగుపెట్టగానే పచ్చి పొగాకు వాసన గుప్పుమంది. నాలుగు మెట్లు, అరుగు, కుర్చీ, మైకు. పై సగంలోంచి చూసింది, అందరూ ఉన్నారు, చివరి వరస దాకా, ఒక్క మొహం కూడా కరగలేదు. నాలుగో వరసలో ఎవరో, ఓహో అద్దాలు, మంత్రిగారి భార్యలా ఉంది అన్నారు, నవ్వులు. మిగ్దాలియా కళ్ళజోడు నుదుటి మీంచి దించి మరీ చూసింది. పుస్తకం బల్ల మీద పెట్టింది నెరేయిదా, తెరవలేదు.

"మీకో మాట చెప్పాలి. పద్నాలుగో అధ్యాయం నుంచి నేను చదివింది ఈ పుస్తకంలో లేదు. నాకు అక్షరాలు కనబడలేదు. చెప్పుకోడానికి సిగ్గేసి నేనే కల్పించాను. అసలు పుస్తకంలో తాదేయో నది దాటలేదు." పుస్తకం మీద అరచెయ్యి పెట్టింది. "చచ్చిపోయాడు."

చేతులన్నీ ఆగిపోయాయి. కత్తులు కొన్ని చేతుల్లో ఎత్తి ఉన్నాయి, కొన్ని బల్లల అంచుల మీద. ఇక పడతాయి. ఆమె నేల వైపు చూడలేక మొహాల వైపే చూసింది.

బెనిగ్నో లేచాడు, బల్ల పట్టుకుని, మెల్లగా.

"ఒసే పిల్లా, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందట. మేం చూడలేదనుకో, మా చూపు ఆకుల మీద ఉంటుంది. మా చెవులెక్కడుంటాయనుకున్నావు? మైకులో పేజీ తిప్పే చప్పుడు వినబడి ఆరు వారాలైంది."

మొదట మిగ్దాలియా నవ్వింది, తర్వాత ఆమె వరస, తర్వాత హాలంతా. తెలుసు. వీళ్ళందరికీ తెలుసు. తెలిసే రోజూ బల్లలు కొట్టారు, తెలిసే మనవాడి సంగతేంటని అడిగారు, తన సిగ్గును తనకు వదిలేసి కథను మాత్రం తీసుకున్నారు.

"మరి ఎందుకు చెప్పలేదు మీరు?"

"చెబితే మానేస్తావుగా అక్కా," అంది మిగ్దాలియా. "ఆ విధవరాలి కొడుకు ఇంకా లొంగలేదు. ఇవాళ తేల్చకుండా కుర్చీ దిగావంటే మాత్రం నా కత్తి నేల మీదే పడుతుంది."

"అసలు పుస్తకం సోమవారం నుంచి," అన్నాడు బెనిగ్నో, "పద్నాలుగో అధ్యాయం దగ్గర్నుంచి, ఉన్నదున్నట్టు. వాడికి నువ్వు ఆరు వారాలు ఎక్కువిచ్చావు, చాలు. చచ్చిపోతే ఏడవడం మాకూ వచ్చు. నీ మేనకోడలి సంగతేంటంటావు మిగ్దాలియా?"

"దానికేం తొందర? ఇంకా చత్వారం రాలేదుగా దానికి."

ఎవరో ముందు కత్తి పడుకోబెట్టి బల్ల మీద కొట్టారు. పక్కవాళ్ళు అందుకున్నారు. ఆ టకటక వెనకగది దాకా, అమ్మ కూర్చుని ఈనెలు తీసిన గోడ దాకా వెళ్ళింది. నెరేయిదా అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది, పుస్తకం తెరిచింది. కింది సగంలో అక్షరాలు నల్లగా, స్పష్టంగా, సోమవారం దాకా ఆగుతామన్నట్టు ఉన్నాయి. కళ్ళెత్తింది, పై సగంలో వాళ్ళు. ఆ సాయంత్రం తాదేయో విధవరాలి గుమ్మం ముందు నిలబడి, టోపీ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని, అని మొదలుపెట్టింది, వాళ్ళ చేతులు మళ్ళీ ఆకుల మీద కదిలాయి. అంతవరకు చెప్పి ఒక్కక్షణం ఆగింది, పుస్తకాన్ని మైకుకు బాగా దగ్గరగా జరిపి, వెనకవరస దాకా వినబడేట్టు ఒక పేజీ తిప్పింది.